కొంగుముడి - చేతిపుస్తకము

మన యిండ్లలో పెద్దలకు జ్ఞాపకముంచుకొనుటకు రెండు సాధనములుండెడివి. ఒకటి కొంగుముడి. సంతలో పసుపు కొనవలెనని గాని, పొరుగింటి బాకీ తీర్చవలెనని గాని తోచినచో చీరకొంగున ఒక ముడి వేసికొనెడివారు. చేయి తగిలినప్పుడెల్ల ఆ ముడి పనిని గుర్తుచేసెడిది. పని తీరగానే దానిని విప్పివేసెడివారు. రెండవది చేతిపుస్తకము. పిల్లల పుట్టిన దినములు, అప్పుల పద్దులు, కషాయముల పాళ్లు అందులో వ్రాసి పెట్టెలో దాచెడివారు. ఏండ్లు గడచిన పిమ్మటను తీసి చూచుకొనెడివారు. ముడి పిలుచునే గాని వివరము చెప్పదు. పుస్తకము వివరము చెప్పునే గాని పిలువదు.

నేడు ఈ రెండును సెల్‌ఫోనులోనికి వచ్చి చేరినవి. గూగుల్ కీప్, యాపిల్ నోట్స్, మైక్రోసాఫ్ట్ వన్‌నోట్, ఎవర్‌నోట్ అను యాప్‌లు చేతిపుస్తకము జాతికి చెందినవి. గూగుల్ టాస్క్స్, యాపిల్ రిమైండర్స్, మైక్రోసాఫ్ట్ టు డూ, టుడూయిస్ట్ అనునవి కొంగుముడి జాతివి. వీనిని పనుల పట్టికలనవచ్చును. రెండింటను వ్రాయునవి అక్షరములే గదా, ఏది యైనను ఒకటే యని పలువురు తలంతురు. మేమును అట్లే తలంచి నష్టపోతిమి.

మా నాన్నగారికి మధుమేహము. ఒక పర్యాయము వైద్యులు మందు మార్చి, మూడు నెలల పిమ్మట హెచ్‌బీఏ1సీ అను రక్తపరీక్ష చేయించి చూపుమనిరి. ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు జీవించును గనుక, ఆ పరీక్ష గడచిన రెండు మూడు నెలలలో రక్తమందలి చక్కెర సగటున ఎట్లున్నదో తెలుపును. గడువునకు కారణమదియే. మేము ఆ మాటలన్నియు మందుల మోతాదులతో సహా నోట్సు యాప్‌లో పొందికగా వ్రాసితిమి. వ్రాసితిమి గనుక పని జరిగినట్లే మనస్సు తేలికపడినది. ఎనిమిదవ నెలలో నాన్నగారి కాలిపుండు ఎంతకును మానకపోగా ఆ నోటు తెరచి చూచితిమి. ఒక్క అక్షరమైనను చెరగలేదు. గడువు మాత్రము దాటి ఐదు నెలలైనది. నాన్నగారు కోపగించుకొనలేదు. "వ్రాసుకొన్నావు గదరా!" అని మాత్రమనిరి.

దీనికి ప్రతిగా మరియొక పొరపాటును చేసితిమి. మా మేనత్తగారు ఫోనులో చెప్పిన ఆవకాయ పాళ్లను త్వరలో పనుల పట్టికలో వ్రాసితిమి. జాడీ నిండినది; పని అయినదని గుర్తు పెట్టగానే ఆ వరుస కనుమరుగైనది. మరుసటి వేసవిలో ఆ పాళ్లు, పూర్తియైన పనుల గుట్టలో, కరెంటు బిల్లులకును గ్యాసు బండలకును నడుమ ఎట్టకేలకు దొరికినవి.

ఈ రెండు అనుభవముల వలన మాకొక ప్రశ్న లభించినది. ఏదైనను వ్రాయబోవుటకు ముందు ఇట్లు ప్రశ్నించుకొనవలెను: దీనిని మనము వెదుకుకొని పోవలెనా, లేక ఇది మనలను వెదుకుకొని రావలెనా? మనము వెదుకునది నోటు. మనలను వెదుకవలసినది పని. మందుల మోతాదు నోటు. మందు కొనుట పని. బీమా పాలసీ వివరము నోటు; ప్రీమియము చెల్లించుట పని. ఒకే విషయమునకు రెండు ముఖములుండుట తరచుగా జరుగును. అట్టిచో రెండు చోట్లను వ్రాయుటకు బద్ధకింపరాదు.

ఈ యాప్‌ల నిర్మాణమును ఈ భేదమును బట్టియే యున్నది. నోట్సు యాప్‌కు ప్రాణము వెదకుట. శీర్షిక, గుర్తుపేరు, ఛాయాచిత్రము - ఇవన్నియు తరువాత దొరకుట కొరకే. ఇచ్చట తెలుగువారికొక చిక్కు కలదు. ఒకనాడు తెలుగు లిపిలోను, మరియొకనాడు తెలుగు మాటలనే రోమను లిపిలోను వ్రాసినచో, ఒక లిపిలో వెదకిన మాట రెండవ లిపిలో దొరకకపోవచ్చును. కావున ఇంటిలో అందరును ఒకే లిపిని పాటించుట మేలు.

పనుల పట్టికకు ప్రాణము తేదీ. మరల మరల వచ్చు పనులలో రెండు విధములున్నవి. ఇంటి అద్దె నెల మొదటి తేదీననే రావలెను. గత నెల ఆలస్యమైనను తేదీ మారదు. మంచినీటి ఫిల్టరు మార్పు అట్లు కాదు. క్రిందటిసారి మార్చిన దినము నుండి లెక్కింపవలెను. టుడూయిస్ట్ వంటి కొన్ని యాప్‌లు ఈ రెండు లెక్కలను వేరుగా చూపును. అన్నియు అట్లు చేయవు. కావున ఎన్నుకొనుటకు ముందు దీనిని పరిశీలింపవలెను.

పనిని వ్రాయు తీరును ముఖ్యమే. 'నాన్నగారి ఆరోగ్యము' అనునది పని కాదు, చింత. 'సోమవారము ఉదయము ఏడు గంటలకు రక్తమిచ్చుట' అనునది పని. డేవిడ్ ఆలెన్ అను అమెరికా రచయిత 2001లో ప్రచురించిన 'గెట్టింగ్ థింగ్స్ డన్' అను గ్రంథమున, తరువాత చేయవలసిన క్రియ ఏదియో స్పష్టముగా నిర్ణయించుకొనుమని బోధించెను. ఇది వట్టి చాదస్తము కాదు. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 57 మంది యువజనులను ఒక రాత్రి పరీక్షించి, ఫలితములను 2018లో ప్రచురించిరి. పడుకొనుటకు ముందు ఐదు నిమిషములు, కొందరు రాబోవు పనులను, కొందరు ముగిసిన పనులను వ్రాసిరి. రాబోవు పనులు వ్రాసినవారు సగటున సుమారు తొమ్మిది నిమిషములు ముందుగా నిద్రించిరి. వారిలోను ఎంత వివరముగా వ్రాసిన అంత త్వరగా నిద్ర పట్టినది. ఇది చిన్న పరిశోధనయే యైనను, పక్కమీద పడుకొని రేపటి పనులు లెక్కించుకొను గృహిణికిని గృహస్థునకును దీని సారము తెలియనిది కాదు.

నడుమ నిలుచునవి కొన్ని కలవు. కిరాణా సరుకుల పట్టికయే చూడుడు. కందిపప్పునకొక తేదీ, చింతపండునకొక గంట అక్కరలేదు. అంగడిలో నిలిచినప్పుడు అన్నియు ఒక్కసారి కనబడిన చాలును. దానిని గుర్తుపెట్టుటకు గడులున్న నోటుగా వ్రాసి ఇంటివారితో పంచుకొనవచ్చును. 'శనివారము సరుకులు తెచ్చుట' అను ఒక్క వరుస పనుల పట్టికలో నుండిన చాలును.

ఇక ఏ యాప్ మంచిది? ఫోనుతో వచ్చినవి, ఉచితముగా దొరకునవి సామాన్య కుటుంబమునకు చాలును. నోట్లకు ఒకటి, పనులకు ఒకటి, మూడవది వలదు. ఎవరి యాప్‌ను శాశ్వతమని నమ్మరాదు. వండర్‌లిస్ట్ అను ప్రసిద్ధమైన పనుల యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని 2020 మేలో మూసివేసినది. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలకు 50 నోట్ల పరిమితి విధించినది. కావున వ్రాసినదానిని బయటకు తీసికొనిపోవు వీలున్నదో లేదో చూచుకొనవలెను. రహస్య సంకేతపదములను, బ్యాంకు పిన్ను సంఖ్యలను సాధారణ నోట్లలో వ్రాయరాదు.

ఇంకొక జాగ్రత్త. బ్యాటరీ పొదుపు ఏర్పాటు వలనను, నోటిఫికేషన్లకు అనుమతి లేకపోవుట వలనను కొన్ని ఫోన్లలో హెచ్చరిక ఆలస్యమగును, ఒక్కొక్కప్పుడు రానేరాదు. కొత్త యాప్‌ను నమ్ముటకు ముందు పది నిమిషముల గడువుతో ఒక పని వ్రాసి, ఫోను మ్రోగునో లేదో పరీక్షింపవలెను. పలుకని ముడి ముడి కాదు.

నాన్నగారి పుండు దైవానుగ్రహమున మానినది. ఇప్పుడు వారి మందుల వివరము నోట్సులో నున్నది. పరీక్ష గడువు పట్టికలో నున్నది. మూడు నెలలకొకసారి ఫోను మ్రోగగానే నాన్నగారే ముందుగా చెప్పులు తొడుగుకొని వీధి అరుగు మీద కూర్చుందురు. అంతవరకు వచ్చినప్పుడే మనము వ్రాసినది పనికి వచ్చినట్లు.