ఉపాధ్యాయుని వేసవి సెలవులు: బడికి ఎంత, ఇంటికి ఎంత?

వేసవి వచ్చిందంటే ఉపాధ్యాయులకు నెలన్నర విశ్రాంతి లభిస్తుందన్నది సమాజంలో స్థిరపడిన అభిప్రాయం. ఇటీవలి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలలు సాధారణంగా ఏప్రిల్ 23తో మూతపడి, జూన్ 12న తిరిగి తెరుచుకుంటున్నాయి. విద్యార్థికి ఈ కాలమంతా సెలవే. ఉపాధ్యాయునికి మాత్రం ఇందులో కొంత భాగం విధులకే పోతుంది. ఆ విధులేమిటి, వాటికి ప్రతిఫలమేమిటి, మిగిలిన రోజులను కుటుంబానికి దక్కించుకోవడం ఎలా అన్నది పరిశీలించదగిన విషయం.

ముందుగా గుర్తించవలసిన అంశం ఒకటుంది. ఈ సెలవులు ఉచితంగా లభించేవి కావు. తెలుగు రాష్ట్రాల్లో ఇతర ప్రభుత్వోద్యోగులకు ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు జమ అవుతుంది. వేసవి సెలవులు అనుభవించే ఉపాధ్యాయులకు జమ అయ్యేది 6 రోజులే. అంటే మిగతా ఉద్యోగులు తమకు అవసరమైనప్పుడు వాడుకునే సెలవును ఉపాధ్యాయులు వేసవిలో ఒక్కసారిగా తీసుకుంటున్నారన్నమాట. ఆ వేసవిలోనూ విధులు పడితే వారు రెండు విధాలా నష్టపోతారు.

సెలవుల్లో ఎదురయ్యే విధులు పలు రకాలు. పదో తరగతి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు మే, జూన్ నెలల్లో జరుగుతాయి. వాటి పర్యవేక్షణ, జవాబు పత్రాల మూల్యాంకనం ఉపాధ్యాయుల బాధ్యతే. ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్య శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం నిర్దేశించింది. పనిదినాల్లో శిక్షణ పెడితే తరగతులు కుంటుపడతాయి గనుక తరచూ వేసవిలోనే దానిని ఏర్పాటు చేస్తుంటారు. తెలంగాణలో బడిబాట కార్యక్రమం కింద బడులు తెరవక ముందే పిల్లల నమోదుకై ఇంటింటికీ తిరగవలసి ఉంటుంది.

వీటన్నిటికంటే బరువైనది ఎన్నికల విధి. 2009 విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ ఉపాధ్యాయులను విద్యేతర పనులకు వినియోగించరాదని చెబుతూనే, జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు అనే మూడింటికి మినహాయింపు ఇచ్చింది. బోధన జరిగే రోజుల్లో, బోధనా వేళల్లో ఉపాధ్యాయులను సాధారణంగా ఎన్నికల పనులకు నియమించరాదని, సెలవు దినాల్లో, బోధన లేని రోజుల్లో నియమించాలని సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో స్పష్టం చేసింది. విద్యార్థుల చదువును కాపాడే తీర్పు ఇది. అయితే తరగతి గదికి కలిగిన ఆ రక్షణకు మూల్యం ఉపాధ్యాయుని సెలవుల నుంచే చెల్లుతోంది. 2024 సార్వత్రిక ఎన్నికల్లో రెండు తెలుగు రాష్ట్రాలలో పోలింగ్ మే 13న జరిగింది. వేసవి సెలవుల నడిబొడ్డున పోలింగ్ సిబ్బందిగా పనిచేసిన వారిలో ఉపాధ్యాయులు పెద్దసంఖ్యలో ఉన్నారు.

మరోవైపు ఇల్లు కూడా వేసవి కోసమే ఎదురు చూస్తుంటుంది. పెళ్ళిళ్ళ ముహూర్తాలు, వృద్ధులైన తల్లిదండ్రులకు వైద్య పరీక్షలు, సొంత పిల్లల కళాశాల ప్రవేశాలు, పుట్టింటి ప్రయాణాలు అన్నీ ఆ నెలన్నరకే వాయిదా పడుతుంటాయి. దేశంలోని పాఠశాల ఉపాధ్యాయుల్లో సగానికి పైగా మహిళలే. ఏడాది పొడవునా ఇంటిపనిని, బడిపనిని కలిపి మోసే వారికి వేసవిలో తెగిపోయే ప్రతి రోజూ తిరిగి దొరకని రోజే.

ఇక ప్రతిఫలం మాటకు వస్తే, వేసవి సెలవుల్లో ప్రభుత్వోపాధ్యాయుని విధులకు నిలిపినప్పుడు నిబంధనల మేరకు, కోల్పోయిన రోజులకు అనుపాతంగా ఆర్జిత సెలవు జమ చేస్తారు. ఇందుకు విధులకు నియమించిన ఉత్తర్వు, హాజరైనట్లు ధ్రువపత్రం అవసరం. వాటిని భద్రపరచుకొని, బడి తెరిచిన వెంటనే దరఖాస్తు చేసి, సర్వీసు రిజిస్టరులో నమోదైనదీ లేనిదీ సరిచూసుకోవాలి. పదవీ విరమణ నాటికి నిల్వ ఉన్న ఆర్జిత సెలవుల్లో 300 రోజుల వరకు నగదుగా పొందే వీలున్నందున, నమోదు కాని ప్రతి రోజూ ఆర్థికంగానూ నష్టమే.

విధులు లేని రోజులనైనా కుటుంబానికి మిగుల్చుకోవడం కొంతవరకు ఉపాధ్యాయుని చేతిలోనే ఉంది. రికార్డుల పూర్తి, ఫలితాల నమోదు ఏప్రిల్‌లోనే ముగించుకోవచ్చు. కొత్త సంవత్సరపు పాఠ్య ప్రణాళికను జూన్ మొదటి వారానికి పరిమితం చేసుకోవచ్చు. నడుమనున్న మే నెలలో బడి పుస్తకాలను ముట్టకపోవడం అలసత్వం కాదు. శిక్షణ తేదీలను మార్చిలోనే ప్రకటించడం, ఒకే వ్యక్తికి ఏటా వరుసగా వేసవి విధులు వేయకుండా వంతులు పాటించడం అధికారుల చేతిలో ఉన్నాయి.

ప్రైవేటు పాఠశాలల్లో పనిచేసే వారి పరిస్థితి మరింత క్లిష్టమైనది. వేసవిలో ప్రవేశాల కోసం ఇంటింటి ప్రచారానికి పంపే యాజమాన్యాలున్నాయి, సెలవు నెలల జీతం ఇవ్వని యాజమాన్యాలూ ఉన్నాయి. ఆర్జిత సెలవు ఊసే లేని చోట నియామక పత్రంలోని షరతులే ఆధారం గనుక, సెలవు కాలపు వేతనం, విధుల గురించి చేరేటప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు.

జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. గణకులుగా ఎక్కువమంది ఉపాధ్యాయులే పనిచేస్తారు. ఆ పనికి వెళ్ళే రోజులను ముందుగా తెలియజేసి, సెలవు దినాలు పోతే వాటిని సక్రమంగా లెక్కగట్టి జమ చేస్తే, జూన్ 12న తరగతి గదిలో అడుగుపెట్టే ఉపాధ్యాయుడు అలసటతో కాక ఉత్సాహంతో వస్తాడు. దాని ఫలితం మొదట అందేది విద్యార్థులకే.