మీకు తెలుసా? నీడ మాయమయ్యే మధ్యాహ్నం

హైదరాబాద్ అబిడ్స్‌లోని జీపీఓ ముందు నిటారుగా నిలబెట్టిన కర్రకు ఏడాదిలో రెండు రోజులు, మే 9న, ఆగస్టు 3న (ఒకరోజు అటూ ఇటూ), మిట్టమధ్యాహ్నం నీడ పక్కకు పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు.

అప్పుడు గడియారంలో మేలో 12:12, ఆగస్టులో 12:23 దాకా అవుతుంది. మన గడియారాలు నడిచేది కాకినాడ దాపుల్లోని 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. సూర్యుడు అక్కణ్ణుంచి మన నడినెత్తికి చేరేసరికి 16 నిమిషాలు పడుతుంది. మిగతా తేడాకు భూకక్ష్య తీరు, అక్షం వంపు కారణం. కర్కటరేఖకు పైనున్న ఢిల్లీకి నీడ మాయమయ్యే ఈ యోగం ఎన్నడూ లేదు.

ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు నీడ మనకు దక్షిణం వైపు పడుతుంది! కానీ నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది వేరే. నడినెత్తి సూర్యుడు రెండుసార్లూ ఒక్కడే. అయినా హైదరాబాద్‌లో పగటి ఉష్ణోగ్రత మేలో సగటున 39 డిగ్రీల దగ్గర, ఆగస్టులో 30 దగ్గర ఉంటుంది. నైరుతి రుతుపవనాల మబ్బు ఎండను పైకే తిప్పికొడుతుంది. తడిసిన నేల నుంచి ఆవిరయ్యే నీరు వేడిని లాగేసుకుంటుంది.

ఆ మబ్బు వల్లే ఆగస్టులో ఈ వింత తరచూ తప్పిపోతుంది. చూడాలంటే మే నెలే మేలు. సమతలం మీద నీళ్ల సీసా నిలబెడితే చాలు.