మధుమేహము గల కుటుంబమందలి ఆడపడుచులు

కాలువ నిండుగ పాఱుచున్నను మడవ తెఱవనిదే మడికి నీరందదు. మన శరీరమునందును ఇట్లే జరుగుచున్నది. తిన్న యాహారము చక్కెరగా మాఱి రక్తమున ప్రవహించును. క్లోమగ్రంథియందు పుట్టు ఇన్సులిన్ అను హార్మోను మడవ తెఱచి, దానిని కండలలోనికి విడుచును. కొద్ది ఇన్సులిన్‌కే మడవ తెఱచుకొన్నచో శరీరమునకు ఇన్సులిన్ గ్రహణశక్తి బాగుగ నున్నదని చెప్పుదుము.

తల్లికిగాని తండ్రికిగాని మధుమేహము గల స్త్రీలయందు, రక్తపరీక్షలో చక్కెర సరిగానే కనుపించినను, ఈ శక్తి తఱచుగ తగ్గియుండును. క్లోమగ్రంథి హెచ్చు ఇన్సులిన్ పుట్టించి లోపమును కప్పుచుండును. ఆ హెచ్చు ఇన్సులిన్ వలన కొందఱి అండాశయములయందు పురుష హార్మోనులు పెరిగి, ముట్టు క్రమము తప్పును. మొగమున వెండ్రుకలు మొలచును. గర్భధారణమున మావినుండి పుట్టు హార్మోనులు గ్రహణశక్తిని మఱింత తగ్గించును. ఇది శిశువునకు ఆహారమందించుటకై ప్రకృతి చేసిన యేర్పాటే. కాని క్లోమగ్రంథి ఆ భారమునకు తాళలేనిచో గర్భకాల మధుమేహము కలుగును. బిడ్డ మిక్కిలి పెరిగి కాన్పు కష్టము కావచ్చును. కాన్పు పిమ్మట చక్కెర తగ్గినను, మునుముందు తల్లికి మధుమేహము వచ్చు భయము హెచ్చుగ నుండును.

చింతపల్లి మన్యమున దూరపు గూడెములనుండి ఆసుపత్రికి వచ్చుట సులభము కాదు. కావున వచ్చిననాడే పరీక్ష చేయించుకొనుట మేలు. దేశమున అమలునందున్న విధానము ప్రకారము గర్భిణులకు ఉపవాసము అక్కఱలేదు. 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగిన 2 గంటలకు రక్తము పరీక్షింతురు. 100 మిల్లీలీటర్లకు చక్కెర 140 మిల్లీగ్రాములుగాని అంతకు మించిగాని యున్నచో వైద్యము అవసరము. తొలి రాకయందు ఒకసారి, 24-28 వారముల నడుమ మఱియొకసారి, వ్యాధి కనుపించిన వారికి కాన్పైన 6 వారములకు మరల ఈ పరీక్ష జరుగవలెను. ఇంట సికిల్ సెల్ వ్యాధి యున్నచో ముందుగనే వైద్యునకు తెలుపవలెను. మూడు మాసముల సగటు చక్కెరను తెలుపు పరీక్ష అట్టివారియందు తప్పు ఫలితము నీయవచ్చును.

గ్రహణశక్తిని పెంచుటకు కండల శ్రమ మిక్కిలి తోడ్పడును. చెన్నపట్టణమున డాక్టరు ఏ. రామచంద్రన్ గారును సహచరులును 2006లో ప్రకటించిన పరిశోధనలో, వ్యాధి అంచున నున్నవారు నడకను, మితాహారమును అవలంబింపగా మధుమేహము సోకుట సుమారు 28 శాతము తగ్గెను. మన కొండలలో పండు చోళ్లు, సామలు, రాజ్మా మంచి యాహారమే. అయినను చోడియు పిండిపదార్థమే గనుక మితము తప్పరాదు.

సభ్యులారా! పంటనంతయు సంతకు పంపక ఇంటి స్త్రీలకును కొంత యుంచుడు. ఇంట మధుమేహ మున్నదని ఆశా కార్యకర్తకు నేడే చెప్పుడు. పరీక్షదినమున ఆ స్త్రీకి పొలము పని చెప్పక, వెంట నొకరిని తోడిచ్చి పంపుడని కోరుచున్నాము.