టైటిల్స్‌లో ఆ పేరు చూశారా?

'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన 2023లో మా మేనల్లుడు గంతులేస్తుంటే ఒక ప్రశ్న వేశాను. "సరేరా, మన దేశానికి మొట్టమొదటి ఆస్కార్ తెచ్చిందెవరు?"

"ఇంకెవరు మామయ్యా, రెహమాన్!" అన్నాడు ఠకీమని. కాదన్నాను. "అయితే సత్యజిత్ రాయ్!" అన్నాడు. అదీ కాదు. వాడు తెల్లమొహం వేశాడు. మీలో ఎందరు చెప్పగలరు?

ఆవిడ పేరు భాను అథైయా!

1929లో కొల్హాపూర్‌లో పుట్టిన భానుకి బొమ్మలు గీయడం తండ్రి నుంచి అబ్బింది. ఆయన చిత్రకారుడు. ఆమె చిన్నతనంలోనే కన్నుమూశారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, పెద్ద పెద్ద చిత్రకారుల సరసన తన బొమ్మలు ప్రదర్శించింది. పత్రికలకి ఫ్యాషన్ బొమ్మలు గీస్తూ గీస్తూ కుంచె వదిలి కత్తెర పట్టింది. అంతే, సినీతారలు వెతుక్కుంటూ వచ్చేశారు!

గురుదత్ నిర్మించిన 'సి.ఐ.డి.' (1956)కి ఆమే దుస్తులు సమకూర్చింది. మన 'రోజులు మారాయి' ఏరువాక పాటలో చిందేసిన వహీదా రెహమాన్‌కి హిందీలో అదే తొలి చిత్రం. 'వక్త్' (1965)లో సాధన తొడిగిన చుడీదార్, బిగుతు కుర్తా చూసి దేశంలోని కాలేజీ అమ్మాయిలంతా దర్జీల దగ్గరికి పరుగెత్తారంటే అతిశయోక్తి కాదు. 'ఆమ్రపాలి' (1966)లో వైజయంతిమాల వేషానికి అజంతా గుహల చిత్రాలే ఒరవడి. 'బ్రహ్మచారి' (1968)లో ముంతాజ్ ఒంటికి అతుక్కున్నట్టు కట్టిన నారింజరంగు చీర సంగతి మీ అమ్మగారినడగండి, చెబుతారు!

ఇక 'గాంధీ' (1982). ఆ చిత్రం తలపెట్టడానికి తనకి పదిహేడేళ్లు పట్టిందనీ, భానుని ఎంచుకోవడానికి పదిహేను నిమిషాలే పట్టిందనీ దర్శకుడు అట్టెన్‌బరో అన్నాడట. సూటూ బూటూ వేసిన బారిస్టరు కొల్లాయి కట్టిన మహాత్ముడయ్యే దాకా సాగే కథ అది. చూస్తున్నంతసేపూ అవి దర్జీ కుట్టిన బట్టలని ఎక్కడా తోచదు. 1983 ఏప్రిల్‌లో జాన్ మోల్లోతో కలిసి భాను ఆస్కార్ అందుకుంది.

ఆ తర్వాత 'లేకిన్' (1990), 'లగాన్' (2001) జాతీయ అవార్డులు తెచ్చాయి. వందకు పైగా చిత్రాలు చేసింది.

కానీ నా మనసుని కలుక్కుమనిపించేది మరొకటుంది. 2004లో శాంతినికేతన్ నుంచి రవీంద్రుడి నోబెల్ పతకమే దొంగల పాలైంది. అలాంటప్పుడు తన ఆస్కార్‌కి ఇక్కడ భద్రత ఏదని ఆమె బెంగ. 2012లో ఆ బంగారు బొమ్మని అకాడమీకే తిరిగి అప్పజెప్పింది. 2020 అక్టోబరులో, తొంభై ఒకటో ఏట, ముంబైలో కన్నుమూసింది. మన దేశపు తొలి ఆస్కార్ మాత్రం అమెరికాలో ఉంది!

హీరోయిన్ బాగుందంటాం, పాట బాగుందంటాం. చీర ఎవరు ఎంచారో అడగం. టైటిల్స్ పడుతుంటే పాప్‌కార్న్ కోసం బయటికి పోతాం.

ఈ కథంతా విన్న మేనల్లుడు ఆ రాత్రి 'లగాన్' పెట్టుకున్నాడు. కాసేపటికి హాల్లోంచి ఒకటే కేక: "మామయ్యా, పేరు దొరికింది!"