కుంటిన బల్ల, మండిన కళ్లు

ఉయ్యూరు: టీ కొట్టు ముందు వేసిన కొత్త ఇనుప బల్ల మీద నలుగురు పెద్దలు కూర్చుని టీ తాగుతున్నారు. పక్కన నిలబడ్డ పందొమ్మిదేళ్ల కుర్రాడు వాళ్ల ముఖాలు చూడటం లేదు. బల్ల కాళ్లకేసి చూస్తున్నాడు. అతను సొంతంగా అతికిన మొదటి వస్తువు అది. ఇక్కడికి చేరేలోగా ఆ బల్ల ఒకసారి ముక్కలైంది. కుర్రాడికి ఒక రాత్రి నిద్ర లేకుండా పోయింది.

పదో తరగతి తప్పాక బందరు రోడ్డు పక్కనున్న వెల్డింగ్ షెడ్డులో చేరి పది నెలలైంది. ఇన్నాళ్లూ ఇనుము మోయడం, అతుకు మీద పెచ్చు కొట్టడం, మేస్త్రి ట్రాక్టరు ట్రక్కులకు రాడ్డు వేస్తుంటే రేకు కదలకుండా పట్టుకోవడం, ఇదే పని. టీ కొట్టాయన బల్ల కోసం వచ్చినప్పుడు మేస్త్రి "ఇది నువ్వే చెయ్యరా" అన్నాడు. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. పైన రేకు వద్దు, చెక్కలే కావాలన్నాడు కొట్టాయన. ఎండాకాలం రేకు బల్ల మీద ఎవరు కూర్చుంటారు?

కుర్రాడు నోటిలెక్క వేసి అంగుళం చదరపు పైపు, 16 గేజిది, 20 అడుగుల బారు ఒకటి తెచ్చాడు. పైచట్రం, నాలుగు కాళ్లు, కింద పట్టీలు కోసుకుంటూ పోతే చివరకు పది అంగుళాలకు పైగా తక్కువ వచ్చింది. సరిగ్గా ఒక అడ్డముక్క. కోత మిషన్ బ్లేడు ప్రతి కోతకూ కొంచెం ఇనుము తినేస్తుందన్న సంగతి కూడా అతని లెక్కలో లేదు. మేస్త్రి తిట్టలేదు. మూలనున్న పాత ముక్కల గుట్ట చూపించాడు.

అసలు తంటా అతుకు దగ్గర వచ్చింది. మిషన్ అంతకుముందు ట్రక్కు పనికి పెట్టిన కరెంటు మీదే ఉంది. మందపాటి ఇనుముకు సరిపోయే ఆ వేడికి పల్చటి పైపు వెన్నలా కరిగి చిల్లు పడింది. భయపడి కరెంటు బాగా తగ్గించాడు. ఈసారి రాడ్డు మాటిమాటికీ అతుక్కుపోతూ ఎలాగో పని అయింది. పైకి చూస్తే నిండుగా, ఉబ్బుగా, చూడముచ్చటగా ఉంది. మేస్త్రి ఆ ముక్కను వైసులో బిగించి సుత్తితో ఒక్కటి వేశాడు. అతుకు మొత్తం పెచ్చులా ఊడి కింద పడింది. ఊడిన చోట పైపు నున్నగా, ఏమీ అంటనట్టే ఉంది. కరిగిన రాడ్డు పైన కూర్చుందే తప్ప పైపు కరిగి దానితో కలవలేదు.

"పైన ముసలాయన కూర్చున్నప్పుడు ఊడేదిరా ఇది" అన్నాడు మేస్త్రి.

కొట్టులో 12 నంబరు అని అడిగే రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డు తీసుకుని, కరెంటు 70 ఆంపియర్ల దగ్గర పెట్టి, పనికిరాని ముక్కల మీద కుర్రాడు సాయంత్రం దాకా అతుకులు వేశాడు. వేసినవన్నీ తనే విరగ్గొట్టుకుని చూశాడు. ఈ విలేఖరికి ముచ్చటేసింది ఇక్కడే. విరగ్గొట్టి చూపించే మేస్త్రులు అందరికీ దొరకరు.

మర్నాడు చట్రం మొదలుపెట్టాడు. ఒక మూల పూర్తిగా అతికి రెండో మూలకు వెళ్లాడు. కాళ్లు పెట్టి బల్లను నేల మీద నిలబెడితే ఒక కాలు ఆనలేదు. కొలతలు సరిగానే ఉన్నాయి మరి! కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. ఏ పక్క అతికితే ఆ పక్కకు పైపును లాగేస్తుంది. అందుకే ముందు అన్ని మూలలకూ చుక్కలు మాత్రమే పెట్టాలి. మూల నుంచి ఎదురు మూలకు దారం పట్టి రెండు కొలతలూ సమానమో కాదో చూడాలి. తేడా ఉంటే సుత్తితో తట్టి సరిచేసుకోవచ్చు. ఆ తర్వాత ఎదురెదురు మూలలు మార్చిమార్చి అతకాలి. మంచాలు చేసే వడ్రంగులు మూలమట్టం చూసే పద్ధతి ఇదే. ఇనుముకు ఈ లాగుడు అదనం. గ్రైండరుతో అతుకులన్నీ కోసి మళ్లీ మొదటికి వచ్చారు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక కుర్రాడి కళ్లలో ఇసుక పోసినట్టయింది. దీపం చూడలేకపోయాడు. చుక్కలు పెట్టేటప్పుడు ఒక చేత్తో పైపు, ఒక చేత్తో రాడ్డు పట్టుకున్నాడు. ముఖానికి అడ్డం పెట్టుకునే నల్ల అద్దం పట్టడానికి మూడో చెయ్యి లేదు. ముఖం పక్కకు తిప్పితే చాలనుకున్నాడు. ఆ మంటలోంచి వచ్చే కంటికి కనబడని కిరణాలు నల్లగుడ్డు పైపొరను కాలుస్తాయి. నొప్పి అప్పుడే తెలియదు, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. చలవ కళ్లద్దాలు దీనికి పనికిరావు. తలకు తగిలించుకునే ముసుగు ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఇంట్లో ఆముదం వేద్దామన్నారు. చనుబాలు పిండించమని పక్కింటివారు చెప్పారు. రెండూ మంచివి కావు. కన్ను నలపకుండా, మూసిన రెప్పల మీద చల్లటి తడిగుడ్డ వేసుకుని చీకట్లో పడుకోవాలి. తెల్లవారేసరికి కంటి డాక్టరుకు చూపించుకోవాలి. మొద్దుబారే చుక్కలు మందుల షాపులో కొని పదేపదే వేసుకుంటే కన్ను ఇంకా దెబ్బతింటుంది. ఇతనికి రెండు రోజుల్లో తగ్గింది. షెడ్డు ముందు నిలబడి మెరుపులు చూసే బడిపిల్లలకూ ఈ బాధ తప్పదు. తల్లిదండ్రులు గమనించాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షను కళ్ల రక్షణ కోసమే పెట్టారు. అయితే కరెంటుతో పని నడిచే చోట కనీసం పదిమంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ అన్నారు. ఇద్దరు ముగ్గురుండే ఊళ్ల షెడ్లు ఆ లెక్కలోకి రాలేదు. ముసుగు కొనడం మేస్త్రి మంచితనం మీదే ఆధారపడింది. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఒక్క ఏడాదే, ఎనిమిది పాసైతే చాలు. పది తప్పానని చదువు మానుకున్న ఈ కుర్రాడికి ఆ ముక్క చెప్పినవారే లేరు.

రెండోసారి బల్ల నాలుగు కాళ్ల మీదా ఆనింది. రెడ్ ఆక్సైడ్, పైన ఆకుపచ్చ రంగు వేసి, చెక్కలు బోల్టులతో బిగించి సైకిలు రిక్షా మీద తెచ్చారు. టీ తాగిన పెద్దల్లో ఒకాయన లేస్తూ తనకు ఇనుప మంచం కావాలని కొలతలు చెప్పాడు. కుర్రాడు షెడ్డుకు వెళ్లగానే గోడ మీద సుద్దముక్కతో ఒక్కో ముక్క పొడవూ రాసి, బ్లేడు కోతలు కూడా కలిపి కూడుతున్నాడు. కొత్త ముసుగు మేకుకు వేలాడుతోంది.