స్నానాల గదిలో వానిటీ: ఉప్పుగాలి ఊరి అపోహలు, వాస్తవాలు

ఇల్లు బాగుచేయించే పని స్నానాల గది దాకా వచ్చేసరికి, గోడకు బిగించిన ఒంటి వాష్ బేసిన్‌ను తీసేసి ఆ స్థానంలో వానిటీ పెట్టించడం విశాఖపట్నంలో ఇప్పుడు మామూలైపోయింది. వాష్ బేసిన్, దాన్ని మోసే రాతి పలక, పలక కింద తలుపులూ అరలూ ఉన్న పెట్టె కలిసిన అమరికనే దుకాణాల్లో వానిటీ అంటున్నారు. స్నానానికి వేరే అద్దాల అర, పొడిగా ఉండే నేల గల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందిన అమరిక ఇది. బకెట్టు, మగ్గుతో స్నానం చేసి, ఆపైన నేలంతా నీళ్లు కొట్టి కడిగే ఇళ్లలోకి, అందులోనూ సముద్రపు ఉప్పుగాలి, రేవు వైపు నుంచి వచ్చే ధూళి, ఏడాదిలో అధిక భాగం 70 శాతానికి అటూఇటూగా ఉండే గాలితేమ కలిసిన ఊళ్లోకి అది అడుగుపెట్టినప్పుడు, అమ్మేవారి హామీలు చాలావరకు నిలబడవు. ఇక్కడ వానిటీ ఆయుష్షు కంటికి ఆనని అంచులు, బందులు, మరలు, గొట్టపు అతుకుల మీద ఆధారపడి ఉంటుంది. ప్రచారంలో ఉన్న అపోహల్లో ఎక్కువ భాగం వీటిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల పుట్టినవే.

వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వాడితే ఇక నీటి భయం లేదన్న నమ్మకం వాటిలో మొదటిది. పలుచని చెక్క పొరలను, ఒకదాని నార మరొకదాని నారకు అడ్డంగా ఉండేలా పేర్చి, జిగురుతో అతికించి వేడితో ఒత్తిన పలకే ప్లైవుడ్. మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ఐఎస్ 710 ప్రకారం దాని ముక్కను 72 గంటలు నీటిలో మరిగించి చూస్తారు. ఆ పరీక్షలో తేలేది పొరల మధ్య జిగురు పట్టు సడలిందా లేదా అన్నది మాత్రమే. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ అనే ఆ జిగురు నీటికి లొంగదు గానీ, పొరల్లో ఉన్నది చెక్కే కనుక అది కోసిన అంచు నుంచి తడిని పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది, ఈ ఉబ్బూ ముడుతల మధ్య పైన అతికించిన సన్‌మైకా అంచుల దగ్గర లేచిపోతుంది. అందుచేత మెరైన్ రకం కొని కింది అంచును, గొట్టం కోసం వెనక చేసిన రంధ్రాన్ని పచ్చిగా వదిలేసిన పెట్టె కన్నా, దానికి ఒక మెట్టు తక్కువైన బీడబ్ల్యూఆర్ రకంతో చేసి, అన్ని అంచులకూ పట్టీ వేసి, రంధ్రాల చుట్టూ సిలికాన్ పూసిన పెట్టె నిలిచే అవకాశమే ఎక్కువ. గోడకు బిగించకముందు పెట్టెను బోర్లించి అడుగు చూస్తే సంగతి తెలిసిపోతుంది: కోత గరుకుగా, చెక్క రంగులో, పొరలు లెక్కపెట్టగలిగేలా కనిపిస్తే పని సగంలోనే ఆగిపోయిందన్నమాట. చెక్క తునకలను, నారను ఒత్తి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకల గురించి ఈ గదిలో చర్చే అనవసరం.

చెక్క పలకే లేకపోతే గొడవే లేదన్న ఆలోచనతో డబ్ల్యూపీసీ, పీవీసీ పలకల వైపు మొగ్గేవారు సగం సరైన దారిలోనే ఉన్నారు. ఈ పలకలు నీరు దాదాపు పీల్చవు, వీటికి చెద పట్టదు. అయితే వీటి లోపలి భాగం నురగలాంటి ప్లాస్టిక్ కావడంతో మర పట్టు చెక్కలో ఉన్నంత గట్టిగా ఉండదు. రోజూ తెరిచి మూసే తలుపు బరువంతా బందు దగ్గరి నాలుగు మరల మీద పడి, రంధ్రం పెద్దదై, తలుపు ఒక మూలకు వాలుతుంది. మధ్యలో ఆసరా లేకుండా పొడుగ్గా వేసిన అర కూడా కాలక్రమంలో కుంగుతుంది. కాబట్టి ఈ పలకను తలుపులకు, పక్కలకు వాడి, రాతి బరువును వేరే ఆధారం మీదకు మళ్లించడం మేలు.

ఇనుప సామాను విషయంలో అపోహలు ఇంకా గట్టివి, అందుకు ఊరి పేరు ప్రతిష్ఠలూ కొంత కారణం కావచ్చు. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం కాంక్రీటు కడ్డీలు, వైరు చుట్టలు, గర్డర్ల వంటి కట్టడపు ఉక్కును తయారుచేస్తుంది. స్నానాల గదికి కావలసిన స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు తమిళనాడులోని సేలం, హర్యానాలోని హిస్సార్, ఒడిశాలోని జాజ్‌పూర్ వంటి చోట్ల తయారవుతుంది. ఉక్కు ఊళ్లో కొన్న బందు కనుక తుప్పు పట్టదనుకోవడానికి ఆధారమేమీ లేదు. ఆ మాటకొస్తే అరల పెట్టెలకు అమ్మే బందుల్లో చాలావరకు నికెల్ పూత పూసిన మామూలు ఉక్కువి. గీత పడిన చోట పూత పోతే, సముద్రతీరపు గాలికి లోపలి ఇనుము తుప్పు పట్టడం మొదలవుతుంది.

అయస్కాంతం అంటుకోకపోతే అది మేలిరకం 304 స్టీల్ అనే పరీక్ష దుకాణదారులూ కొనేవారూ సమానంగా నమ్మేది, అంతే సమానంగా తప్పయినది. ఇనుముకు కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే పైన కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. 304 రకంలో క్రోమియం దాదాపు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. చవకైన 201, 202 రకాల్లో నికెల్‌ను బాగా తగ్గించి మాంగనీసు, నత్రజని కలుపుతారు. స్ఫటిక నిర్మాణం ఒకే తరహాది కావడంతో వీటికి కూడా అయస్కాంతం అంటదు, తుప్పును తట్టుకునే శక్తి మాత్రం తక్కువ. దీనికి తోడు, అసలైన 304 రేకును కూడా వంచి, సాగదీసిన చోట కొద్దిగా అయస్కాంత గుణం వస్తుంది కనుక, ఈ పరీక్ష నాసిరకాన్ని పాస్ చేసి మంచిదాన్ని ఫెయిల్ చేయగలదు. బిల్లు మీద రకం రాయించుకోవడం, లేదా చిన్న బ్యాటరీ తగిలించి ఒక రసాయనపు చుక్క వేసి రంగు మారడాన్ని బట్టి మాంగనీసు పాలును గుర్తించే పరీక్ష చేయించడం ఇంతకన్నా నయం.

304 అయినా స్టెయిన్‌లెస్ అన్న పేరుకు హద్దు ఉంది. గాలిలోని ఉప్పు, అంటే క్లోరైడ్, ఆ రక్షణ పొరను చోటుచోటుగా ఛేదిస్తుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు కిటికీ సముద్రానికి తెరుచుకునే గదుల్లో టవల్ కడ్డీల మీద టీ చుక్కలు ఎండినట్టు గోధుమరంగు మచ్చలు వచ్చేది దీనివల్లనే. అలాంటి చోట 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం ఖరీదు ఎక్కువైనా తగినది. అయితే మచ్చలన్నీ లోహం లోపం వల్ల వచ్చినవి కావు. ఇనుప ఖనిజం, బొగ్గు దిగుమతి ఎగుమతులు జరిగే రేవుకు దగ్గరగా ఉన్న వన్‌టౌన్, జ్ఞానాపురం వంటి పేటల్లో గాలిలో తేలివచ్చే రేణువులు తడి ఉపరితలం మీద వాలి అంటుకుంటాయి. వాటిలో లోహపు ఇనుము పొడి ఉంటే అది తాను తుప్పుపట్టి, కింది స్టీల్ చెడిపోయినట్టు భ్రమ కలిగిస్తుంది. మెత్తటి గుడ్డ, సబ్బు నీటితో తుడిచి ఆరబెడితే ఆ మరక పోతుంది. ఇనుప పీచుతో రుద్దితే మాత్రం కొత్త ఇనుప రేణువులను రుద్ది ఎక్కించినట్టే అవుతుంది.

సముద్రాన్నీ రేవునూ నిందించే ముందు పెట్టె లోపలికి చూడడం న్యాయం. చాలా ఇళ్లలో వానిటీ కింది అరలో, తలుపు బందుకు జానెడు దూరంలో, మూత సరిగ్గా బిగించని యాసిడ్ సీసా, దాని పక్కన బ్లీచింగ్ పౌడరు పొట్లం ఉంటాయి. ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరి మూసిన పెట్టెలో నిలిచి బందులను, మరలను, నీటి గొట్టపు ఉక్కు జాలీని తినేస్తుంది. పైగా ఆ ఆమ్లం బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది కనుక, ఆ రెండింటినీ ఒకే అరలో ఉంచడం లోహానికే కాక మనుషులకూ చేటు.

పలక దగ్గరకు వస్తే, గ్రానైటుకు నీరంటదన్న మాట చాలావరకు నిజమే గానీ పూర్తిగా కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు రెండూ ఈ పనికి యోగ్యమైనవే. శాస్త్రపరంగా చీమకుర్తి రాయి గ్రానైటు కాక గాబ్రో జాతిది అయినా, వాడుకకు అందువల్ల లోటేమీ లేదు. పైన మెరుగు పట్టించిన ముఖం నీటిని ఆపుతుంది. బేసిన్ కోసం కోసిన రంధ్రపు అంచు, కింది ముఖం గరుకుగా ఉండి తడిని లాక్కుంటాయి, అక్కడి నుంచే అది చెక్కలోకి దిగుతుంది. పాలరాయి సంగతి వేరు: అది కాల్షియం కార్బొనేట్ కనుక యాసిడ్ చుక్క పడగానే పొంగి మెరుపు కోల్పోతుంది.

నేల కడగడానికి వీలుగా గోడకు వేలాడే వానిటీయే ఎప్పుడూ మేలన్న అభిప్రాయం బరువును మరచిపోయినది. 4 అడుగుల పొడవు, 22 అంగుళాల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం గల గ్రానైటు పలక, బేసిన్ రంధ్రం కోయకముందు, సుమారు 36 కిలోలు తూగుతుంది. దానికి పెట్టె, బేసిన్, ఆనుకుని నిలబడే మనిషి బరువు కలుస్తాయి. ఇటీవలి కట్టడాల్లో లోపలి గోడలకు వాడే ఏఏసీ దిమ్మెలు, అంటే అల్యూమినియం పొడితో గాలి బుడగలు పుట్టించి ఆవిరితో గట్టిపరిచిన తేలికపాటి ఇటుకలు, మామూలు ప్లాస్టిక్ గుల్లలో బిగించిన మరను ఎక్కువ కాలం పట్టి ఉంచవు. తెలుగు ఇళ్లలో వంటగట్టు కట్టే పద్ధతే ఇక్కడ అన్నిటికన్నా తెలివైనదని చెప్పవచ్చు: రెండు రాతి బద్దలను నిలువుగా నిలిపి, వాటి మీద గ్రానైటు పలక పరిచి, మధ్యలో కడప బండతో ఒక అర వేసి, ముందు మాత్రం తలుపులు బిగిస్తే, ఉబ్బడానికి పెట్టే ఉండదు. తలుపులను నేలకు అరడుగు ఎత్తులో ఆపితే కడుగు నీళ్లు వాటిని తాకవు.

ఎత్తు విషయంలో ఒక చిన్న లెక్క చాలు. పలక మీద గిన్నెలా కూర్చునే బేసిన్ 12 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది కనుక, బేసిన్ అంచు 85 సెంటీమీటర్ల దగ్గర ఉండాలంటే పలకను ఆ మేరకు దించాలి. పాత టైల్స్ మీదనే కొత్తవి పరిస్తే పెరిగే నేల ఎత్తునూ ముందే కలుపుకోవాలి.

మూసిన పెట్టె వల్లనే వాసన వస్తుందన్నది మరో అపోహ. బేసిన్ కింది బాటిల్ ట్రాప్‌లో కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉండి మురుగు వాయువును పైకి రానివ్వదు. ఆ ట్రాప్‌ను తీసేసి, ముడతల ప్లాస్టిక్ గొట్టాన్ని గోడలోని రంధ్రంలోకి ఊరికే దోపి వదిలేసిన చోట, గొట్టం చుట్టూ మిగిలిన సందులోంచి వాసనా బొద్దింకలూ నేరుగా అరలోకి వస్తాయి. ఒక రబ్బరు వాషరు ఆ సందును మూయగలదు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి నెలల తరబడి తాళం వేసే ఫ్లాట్లలో ట్రాప్‌లోని నీరే ఆవిరైపోతుంది. అలాంటివారు బయలుదేరే ముందు బేసిన్‌లోనూ, నేల నీళ్లు పోయే నహానీ ట్రాప్‌లోనూ ఒక్కో మగ్గు నీళ్లు పోసి, పైన ఒక చెంచా వంటనూనె వేస్తే, ఆ నూనె పొర నీటి మీద తేలి ఆవిరి కావడాన్ని చాలా ఆలస్యం చేస్తుంది.