ట్రాలీ లాగే పాత వ్యాను వెనుక భాగం ఎత్తు పెంచవచ్చా?
సంఘాల పాలకవర్గాలకు, కార్యదర్శులకు, డ్రైవర్లకు కొన్ని సూచనలు

ఆర్మూరు ప్రాంతంలో చలికాలం వచ్చిందంటే రెండు పనులు ఒక్కసారే మీద పడతాయి. ఒక పక్క గేదెల పాలు పెరిగి సంఘానికి వచ్చే క్యాన్ల సంఖ్య ఎక్కువవుతుంది. ఇంకొక పక్క సంక్రాంతి దాటగానే పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం మొదలై, ఆ తరువాత బస్తాలు నిజామాబాదు మార్కెట్ యార్డుకు బయలుదేరుతాయి. ఊళ్ళో ఉన్న బండ్లన్నింటికీ ఇదే గిరాకీ కాలం. సంఘం వ్యాను కూడా పొద్దున పాలు దింపి, తిరుగు ప్రయాణంలో వెనుక ట్రాలీ తగిలించుకుని దాణా బస్తాలు తెస్తుంది. అప్పుడు వ్యాను వెనుక భాగం కుంగుతుంది. డ్రైవరు "కమాన్ కట్టలు లేపించాలి" అంటాడు. పాలకవర్గం తీర్మానం చేస్తుంది.

ఈ తీర్మానం చేసే ముందు ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని మేము ఆలస్యంగా నేర్చుకున్నాము. సభ్య సంఘాలు ముందుగానే తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

మేము చూసిన ఒక ప్రమాదం

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘం తన పాత వ్యానుకు వెనుక కమాన్ కట్టల్లో రెండేసి పట్టీలు ఎక్కువ వేయించింది. అది చాలక ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మలు కూడా పెట్టించింది. వ్యాను వెనుక భాగం నాలుగు అంగుళాలు లేచింది. తనిఖీకి వెళ్ళిన మేము కూడా చూసి, బండి నిటారుగా ఉంది, బాగుంది అన్నాము తప్ప వేరే ప్రశ్న వేయలేదు. నెల తిరగకుండా ఒక సాయంత్రం దాణా బస్తాలతో వస్తున్నప్పుడు దిగుడులో ట్రాలీ ఊగడం మొదలుపెట్టింది. డ్రైవరు బ్రేకు వేశాడు. ట్రాలీ వ్యాను వెనుక భాగాన్ని పక్కకు నెట్టింది. బండి కల్వర్టు గోడకు తగిలింది. డ్రైవరుకు భుజం ఎముక విరిగి రెండు నెలలు పనిలేక ఇంట్లో ఉన్నాడు. ఆ సాయంత్రం పాలు తీసుకుపోయే బండి లేక సంఘంలోనే విరిగిపోయాయి. పాలు పోసిన సభ్యులకు ఏమి చెప్పాలో కార్యదర్శికి తోచలేదు.

పట్టీలు విరగలేదు, దిమ్మలు జారలేదు. మెకానిక్కు చేసిన పని గట్టిగానే ఉంది. మరి తప్పు ఎక్కడ జరిగింది?

బండి ఎందుకు కుంగుతుంది?

ముందుగా బండి సంగతి. 1980ల మధ్య కాలంలో జపాను కంపెనీల సహకారంతో డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్డా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్ అనే చిన్న లారీలు మన దేశంలో తయారయ్యాయి. వీటిలో ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాదులో తయారైనదే. టాటా 407 కూడా 1986లో వచ్చింది. డీసీఎం టయోటా పేరు కంపెనీగా పోయి చాలా కాలమైనా, మన పల్లెల్లో ఆ సైజు బండిని ఎవరిదైనా సరే డీసీఎం అనే అంటారు. సాధారణంగా వీటిలో ఇంజను బలం వెనుక చక్రాలకే అందుతుంది. ముందు చక్రాల పని దారి చూపడం, బ్రేకులో ఎక్కువ భాగం మోయడం.

ఇక బరువు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 40 లీటర్ల క్యాన్లు 30 ఉంటే పాల బరువే 1,236 కిలోలు. క్యాన్ల బరువు దీనికి అదనం. ట్రాలీ తగిలిస్తే దాని కొక్కెం మీద మరికొంత బరువు పడుతుంది. ఈ బరువు చిన్నదిగా కనిపించినా, అది పడే చోటు వెనుక ఇరుసుకు ఇంకా వెనుక. అక్కడ అది గునపంలాగా పనిచేస్తుంది.

ఒక లెక్క చూద్దాము. రెండు ఇరుసుల మధ్య దూరం 250 సెంటీమీటర్లు, వెనుక ఇరుసు నుంచి కొక్కెం దూరం 100 సెంటీమీటర్లు అనుకోండి. కొక్కెం మీద 150 కిలోల బరువు పడితే వెనుక ఇరుసు మీద పెరిగేది 150 కాదు, 210 కిలోలు. మిగిలిన 60 కిలోలు ముందు ఇరుసు నుంచి లేచి వస్తాయి. అంటే వెనుక కుంగడమే కాక ముందు చక్రాలు తేలిక అవుతాయి. స్టీరింగు తేలిపోతుంది, ముందు బ్రేకు పట్టు తగ్గుతుంది, లైట్లు ఎదురుగా వచ్చేవారి కళ్ళలో పడతాయి.

ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటి ఉంది. వెనుక భాగాన్ని పైకి లేపితే లైట్లు సరి అవుతాయి, చూపుకు బండి సమంగా ఉంటుంది. కాని ముందు చక్రాల నుంచి పోయిన ఆ 60 కిలోలు తిరిగి రావు. బరువును క్యాబిన్ వైపు జరిపితేనో, కొక్కెం మీద బరువు తగ్గిస్తేనో తప్ప ఆ లోటు తీరదు.

ఎత్తు పెంచే మార్గాలు, వాటి మంచి చెడ్డలు

1. పాత కట్టలను బాగుచేయించడం: ఖాళీ బండే కుంగి ఉంటే కట్టలు అలసిపోయాయన్నమాట. విరిగిన పట్టీలు మార్చి, బుష్షులు వేసి, వంపు సరిచేయిస్తే చాలాసార్లు అంతటితో పని తీరుతుంది. పట్టీని కొలిమిలో ఇష్టం వచ్చినట్లు కాల్చి వంచితే ఉక్కు పదును పోతుంది. పట్టీకి వెల్డింగు ఎన్నడూ చేయించరాదు.

2. పట్టీ అదనంగా వేయడం: ఎత్తూ పెరుగుతుంది, కట్ట బిగువూ పెరుగుతుంది. అయితే ఖాళీగా వచ్చేటప్పుడు బండి ఎగురుతుంది. గతుకుల్లో వెనుక చక్రాలు నేలను వదులుతాయి. ఖాళీ బండికి బ్రేకు వేస్తే చక్రాలు పట్టేసి జారుతాయి.

3. పైకట్ట: ప్రధాన కట్ట కొంత వంగిన తరువాతనే ఇది బరువు అందుకుంటుంది. ఖాళీ బండి మెత్తగా, నిండు బండి గట్టిగా నడుస్తుంది. రోజులో సగం ఖాళీగా తిరిగే పాల వ్యానుకు పట్టీలు పెంచడం కంటే ఇదే మేలు.

4. ఇనుప దిమ్మలు: ఎత్తు మాత్రమే పెరుగుతుంది, బలం పెరగదు. బరువు వేస్తే కట్ట మునుపటంతే వంగుతుంది. దిమ్మ మీద దిమ్మ పేర్చడం, ముందు ఇరుసుకు దిమ్మ పెట్టడం ప్రాణాంతకం.

5. పొడుగు షాకిల్: కట్ట చివర ఉండే షాకిల్‌ను రెండు అంగుళాలు పొడుగు చేస్తే ఇరుసు దగ్గర లేచేది సుమారు ఒక అంగుళమే. బలం దీనిలోనూ పెరగదు. బండి పక్కలకు ఊగడం ఎక్కువవుతుంది.

ఏ మార్గం పట్టినా కొత్త యూ బోల్టులు వేయించాలి. కొద్ది రోజులు తిరిగాక మళ్ళీ బిగించాలి. షాక్ అబ్సార్బర్లు, బ్రేకు గొట్టం పొడవు చాలుతున్నాయో లేదో చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి క్రాసులు త్వరగా అరుగుతాయి కనుక ఆ శబ్దం మీద చెవి పెట్టాలి.

ఆ ప్రమాదంలో జరిగినది

కొన్ని బండ్లలో వెనుక ఇరుసు నుంచి ఒక కడ్డీ బ్రేకు వాల్వుకు కలిపి ఉంటుంది. బండి కుంగితే బరువు ఉందని గ్రహించి ఆ వాల్వు వెనుక బ్రేకుకు ఒత్తిడి ఎక్కువ పంపుతుంది. బండి లేస్తే ఖాళీ అని తలచి తగ్గిస్తుంది. మేము చెప్పిన బండిని నాలుగు అంగుళాలు లేపారు గాని ఈ కడ్డీని సరిచేయలేదు. నిండు బండిని వాల్వు ఖాళీ బండి అనుకున్నది. వెనుక బ్రేకు సగమే పనిచేసింది.

రెండవది, బండితోపాటు కొక్కెం కూడా లేచింది. ట్రాలీ ముక్కు పైకెత్తి, బరువు వెనక్కు జరిగింది. పైగా బస్తాలు వెనుక భాగంలోనే వేశారు. రెండు చక్రాల ట్రాలీకి మొత్తం బరువులో పదోవంతు వరకు కొక్కెం మీద ఉండాలి. 1,500 కిలోల ట్రాలీకి ఇది 150 కిలోలు. అది తగ్గితే ట్రాలీ తోక ఆడించినట్లు ఊగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊగడం పెరుగుతుంది. కొక్కెం బరువు మరీ ఎక్కువైనా చెడ్డదే, మరీ తక్కువైనా చెడ్డదే.

పాలను ట్యాంకులో తీసుకుపోయే సంఘాలకు ఇంకొక హెచ్చరిక. సగం నిండిన ట్యాంకులో పాలు అలలాగా ముందుకు వెనక్కు కొడతాయి. ఎత్తు పెరిగిన బండికి మలుపులో ఇది మరింత ప్రమాదం. ట్యాంకు లోపల అడ్డుపలకలు ఉండాలి.

సంఘాలు చేయవలసినది

మొదట కొలవండి. సమమైన నేల మీద చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోండి. ఖాళీగా ఒకసారి, క్యాన్లతో ఒకసారి, ట్రాలీ తగిలించి ఒకసారి. తరువాత ధర్మకాంటాకు వెళ్ళి ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేరు వేరుగా తూయించండి. పసుపు వ్యాపారం ఉన్న ఆర్మూరులో కాంటాకు కరువు లేదు. ఆ అంకెలను రిజిస్ట్రేషను కాగితంలో ఉన్న బరువులతో సరిపోల్చండి.

బరువు పరిమితి దాటి ఉంటే కట్టలు లేపడం పరిష్కారం కాదు. పట్టీ వేసినంత మాత్రాన ఇరుసు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ బలపడవు. కాగితంలోని బరువూ పెరగదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. 2019 సవరణ తరువాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు మరి 2,000. ట్రాలీకి కూడా రిజిస్ట్రేషను అవసరమే. ఏ మార్పు చేయదలచినా రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ ముందు అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

బరువు పరిమితిలోనే ఉండి, బండి కుంగుతుంటే ముందు పాత కట్టలు బాగుచేయించండి. అప్పటికీ చాలకపోతే పైకట్ట గురించి ఆలోచించండి. కొక్కేన్ని ట్రాలీ సమంగా నిలిచే ఎత్తులో బిగించండి. బరువులో ఎక్కువ భాగం ట్రాలీ ఇరుసుకు కొద్దిగా ముందు వైపు వేయండి.

చివరగా ఒక మాట. ఆర్మూరు దగ్గర 44వ, 63వ జాతీయ రహదారులు కలుస్తాయి. ఆ రద్దీలో బ్రేకు ఒక్క గజం ఆలస్యమైనా దాని ఖరీదు ఎంతో చెప్పలేము. సీజనులో రెండవ ట్రిప్పుకు అయ్యే డీజిలు ఖర్చు ఎక్కువని పాలకవర్గాలు అంటాయి. మేమూ ఒకప్పుడు అలాగే అన్నాము. ఆ డ్రైవరు రెండు నెలల జీతం, విరిగిన పాలు, బండి మరమ్మతు కలిపి లెక్క వేసిన తరువాత మళ్ళీ ఆ మాట అనలేదు. ఈ సంచికను డ్రైవరుకు కూడా చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము.